పొద్దున్నే మొండికేసే పాత డీజిల్ వ్యాన్: రోజుకి ఒక్క ఛాన్సే

పాత వ్యాన్‌లో మిగతా ఏ కంప్లైంట్ వచ్చినా ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చెక్ చేస్కోవచ్చు. బ్రేక్ కీచుమంటుంటే మళ్ళీ మళ్ళీ తొక్కి వినొచ్చు, క్లచ్ జారుతుంటే ఇంకో రౌండ్ వేసి చూడొచ్చు. కోల్డ్ స్టార్టింగ్ ఒక్కదానికే ఆ సౌకర్యం లేదు. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ని పొద్దున్నే మొదటిసారి తిప్పుతాం చూడండి, ఆ మొదటి పది పదిహేను సెకన్లలోనే మనకి కావాల్సిన సమాచారమంతా ఉంటది, ఒక్కసారి అంటుకుందంటే ఇక ఆ రోజుకి అంతే, తర్వాత ఎన్నిసార్లు కీ తిప్పినా ఠక్కున స్టార్ట్ అయ్యి మనల్నే వెర్రివాళ్ళని చేస్తది.

మెకానిక్ దగ్గర జరిగేదీ ఇదే. బండి నడుపుకుంటూ వెళ్తాం, అక్కడికెళ్ళేసరికి ఇంజన్ కాలిపోతూ ఉంటది, ఆయన కీ తిప్పగానే స్టార్ట్ అవుద్ది, "బానే ఉంది కదండీ" అంటాడు. పాపం ఆయన చూడనిదానికి ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఇక అంచనా మీద పార్టులు మార్చడం మొదలవుద్ది, హీటర్ ప్లగ్గులు (స్టార్టింగ్‌కి ముందు ఇంజన్ లోపల వేడి పుట్టించేవి), తర్వాత బ్యాటరీ, తర్వాత సెల్ఫ్, చివరికి డీజిల్ పంపు మీద పడతారు. బయట ఇవ్వాలనుకుంటే ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలేసి, పొద్దున మొదటి స్టార్ట్ ఆయన చేతే కొట్టించండి, మీరు పక్కనే ఉండండి. అది కుదరకపోతే మీరే చేస్కోవాలి, దానికి ఒక మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంప్, కొంచెం ట్రాన్స్‌పరెంట్ పైపు, ఫోన్, ఇంకా బోలెడంత ఓపిక ఉంటే చాలావరకు తేలిపోద్ది. పని అంతా ముందురోజు సాయంత్రమే చేసి పెట్టుకోవాలి, పొద్దున కేవలం చూడటమే.

అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకోండి. "చలికి స్టార్ట్ అవ్వట్లేదు" అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం కానీ దాంట్లో రెండు వేరు వేరు జబ్బులున్నాయి. ఒకటి నిజంగా చలి వల్ల వచ్చేది, ఇంజన్ చల్లబడిపోయి, ఆయిల్ చిక్కబడి, బ్యాటరీ నీరసపడి. రెండోదానికి చలితో సంబంధమే లేదు, బండి గంటల తరబడి కదలకుండా నిలబడింది కాబట్టి వచ్చేది, అంటే ఎక్కువగా లైన్‌లో ఉన్న డీజిల్ మెల్లగా వెనక్కి ట్యాంక్‌లోకి జారిపోవడం. పొద్దున పూట ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి మనకి తేడా తెలీదు. వెచ్చటి రోజు కూడా రాత్రంతా నిలబెట్టాక చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుందంటే మీ అనుమానం డీజిల్ లైన్ మీదకి వెళ్ళాలి. బండి పెట్టే దిక్కు కూడా మార్చి చూడండి, వాలు ఉన్నచోట ముక్కు పైకి ఉండేలా ఒక రాత్రి, ముక్కు కిందకి ఉండేలా ఇంకో రాత్రి. ముక్కు పైకి పెట్టినప్పుడు ట్యాంక్ ఇంజన్ కన్నా బాగా కిందకి పోద్ది, డీజిల్ జారడానికి ఇంకా ఈజీ, అప్పుడే ఎక్కువ సతాయించి రెండో వైపు పెడితే బుద్ధిగా స్టార్ట్ అయితే సగం కేసు అక్కడే అయిపోయినట్టు. ఒక్క మినహాయింపు ఏంటంటే పాత ప్రీ-ఛాంబర్ ఇంజన్లు (డీజిల్ ముందు ఒక చిన్న గదిలో అంటుకునేవి), హీటర్ ప్లగ్గులు మొత్తం పోతే 20 డిగ్రీల వాతావరణంలో కూడా మొండికేస్తాయి, కాబట్టి వెచ్చటి రోజు టెస్ట్ ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పేయకండి.

ఎందుకలా అంటే, డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు కదా, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజన్ మంచి కండిషన్‌లో ఉంటే నొక్కిన గాలి 500 డిగ్రీలు దాటుద్ది, డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 200 పైచిలుకు డిగ్రీలుంటే చాలు, వినడానికి బోలెడంత మార్జిన్ ఉన్నట్టుంది. కానీ చల్లటి ఇనుము ఆ వేడిని పుట్టినదాన్ని పుట్టినట్టే తాగేస్తది. దానికి తోడు పాత వ్యాన్లలో ఎక్కువ శాతం ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే డీజిల్ ముందు హెడ్‌లో ఉన్న ఒక చిన్న గదిలోకి కొడుతుంది, అక్కడ అంటుకుని పిస్టన్ మీదకి వస్తది. ఈ ప్రీ-ఛాంబర్‌కి 1909లో బెంజ్ కంపెనీలో పనిచేసిన ప్రాస్పర్ లొరాంజ్ పేటెంట్ తీస్కున్నాడు, చిన్న చిన్న డీజిల్ ఇంజన్లు బళ్ళలోకి రావడానికి అదొక పెద్ద మెట్టు, కానీ దాని శాపం ఏంటంటే ఆ గది గోడలు కూడా వేడిని పీల్చేస్తాయి. అందుకే ఆ ఇంజన్లకి కంప్రెషన్ రేషియో, అంటే గాలిని ఎన్నింతలు నొక్కుతారో ఆ లెక్క, 20 నుంచి 23 దాకా పెడతారు, డైరెక్ట్ ఇంజెక్షన్ వాటికి 16 నుంచి 19 మధ్య సరిపోద్ది, అయినా సరే హీటర్ ప్లగ్ లేకపోతే చల్లగా ఉన్నప్పుడు ఇవి లేవవు.

అంటే సెల్ఫ్ తిరిగే స్పీడు, హీటర్ ప్లగ్గుల వేడి, కంప్రెషన్, డీజిల్ టైంకి రావడం, ఈ నాలుగూ కలిస్తేనే మొదటి దెబ్బ పడుద్ది. నా అభిప్రాయం ఏంటంటే పాత బండిలో ఒకటే దొంగ ఉండడు. అన్నీ కాస్త కాస్త అరిగిపోయి ఉంటాయి, బ్యాటరీ కొంచెం, ప్లగ్గు ఒకటి, కంప్రెషన్ కొంచెం, వేసవంతా ఎలాగోలా లాక్కొచ్చి చలి రాగానే అన్నీ కలిపి లెక్క తేలుద్ది. అందుకే ఒక పార్టు మార్చగానే "కొంచెం బెటర్" అనిపించి, మళ్ళీ ఇంకో వారానికి మొదటికే వస్తది.

ముందు సెల్ఫ్ స్పీడు. "బానే తిరుగుతోంది" అని చెవి చెప్పేది నమ్మకండి, రోజూ వినీ వినీ మన చెవి ఆ నిదానానికి అలవాటు పడిపోయి ఉంటది. ఫోన్‌లో ఆడియో రికార్డ్ పెట్టి ఇంజన్ దగ్గర ఉంచి సెల్ఫ్ కొట్టండి. తర్వాత ఏదైనా ఆడియో ఎడిటర్‌లో ఆ వేవ్ చూస్తే ఒక్కో కంప్రెషన్‌కి ఒక్కో గుట్ట కనిపిస్తది. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కి ఒక్క చుట్టుకి రెండు కంప్రెషన్లు, కాబట్టి సెకనుకి ఆరేడు గుట్టలు వస్తే 200 ఆర్‌పీఎం దగ్గర ఉన్నట్టు, మంచిదే. మూడు నాలుగే వస్తే 100 దగ్గర ఈడుస్తోంది, ఆ స్పీడులో నొక్కిన గాలి రింగుల పక్కనుంచి జారిపోడానికి, వేడి గోడల్లోకి పోడానికి కావాల్సినంత టైం దొరుకుద్ది, మీరు ఎన్ని కొత్త ప్లగ్గులు వేసినా అది లేవడం కష్టం. ఇదే రికార్డింగ్‌లో ఇంకోటి కూడా దొరుకుద్ది, గుట్టలన్నీ ఒకే ఎత్తులో ఉండి ప్రతి నాలుగోది మాత్రం చిన్నగా ఉంటే ఆ సిలిండర్ కంప్రెషన్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేని టెస్ట్ ఇది.

స్పీడు తక్కువగా ఉందని తేలితే బ్యాటరీ కొనడానికి పరిగెత్తకండి, ముందు మీటర్ పెట్టండి. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్, 12.4 అంటే ముప్పావు, 12 కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఈ రీడింగ్ డోర్ తీయకముందే తీస్కోవాలి, లోపల లైట్లు వెలిగాక కాదు, అందుకే ముందురోజే బోనెట్ లాక్ వేయకుండా వదిలి మీటర్ క్లిప్పులు బ్యాటరీకి తగిలించి పెట్టుకోండి. తర్వాత సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎంతకి పడుతుందో చూడండి. 9.6 కంటే కిందకి పోతే బ్యాటరీ చచ్చినట్టు, లేదా సెల్ఫ్ బిగుసుకుని మామూలు కంటే ఎక్కువ కరెంట్ లాగుతున్నట్టు. అలా కాకుండా వోల్టేజ్ 11.5 దగ్గరే దర్జాగా ఉండి సెల్ఫ్ మాత్రం ఈడుస్తుంటే బ్యాటరీ తప్పు కాదు, కరెంట్ వెళ్ళాల్సిన చోటికి వెళ్ళట్లేదు. మధ్యలో ఎక్కడో తుప్పు, లూజు, లేదా సెల్ఫ్ సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులు, బ్రష్‌లు.

పాత వ్యాన్లలో నాకు అందరికన్నా ముందు అనుమానం వచ్చేది ఎర్త్ వైరు మీదే. ఇంజన్ నుంచి చాసిస్‌కి వెళ్ళే ఆ జడ లాంటి స్ట్రాప్ పైకి బానే ఉన్నట్టు కనిపిస్తది, బోల్టు కింద మొత్తం పచ్చగా పొడి పట్టి ఉంటది. మీటర్ ఒక చివర బ్యాటరీ మైనస్ పోస్ట్ మీద, రెండో చివర ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి, 0.2 నుంచి 0.3 వోల్టులు దాటకూడదు. అలాగే బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మీదున్న లావు బోల్టుకి, అక్కడ 0.5 లోపు ఉండాలి. అంత కూడా ఓపిక లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్‌కి తగిలించి కొట్టండి, ఒక్కసారిగా సెల్ఫ్ హుషారయ్యిందా, దొంగ దొరికాడు.

బ్యాటరీ గురించి ఇంకొక్క మాట. దాని మీద రాసుండే సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్, అంటే చలిలో ఎంత కరెంట్ ఇవ్వగలదో చెప్పే) అంకె మైనస్ 18 డిగ్రీల దగ్గర కొలిచింది, 30 సెకన్ల పాటు అంత కరెంట్ ఇచ్చి కూడా 7.2 వోల్టుల కిందకి పడకూడదు అని లెక్క. డీజిల్ వ్యాన్‌కి పెట్రోల్ కారు బ్యాటరీ సైజు చూసి వేసేస్తే మొదటి చలికాలం గడవదు. పైగా నీరసం బ్యాటరీ సెల్ఫ్‌ని మాత్రమే కాదు, హీటర్ ప్లగ్గుల్ని కూడా చంపుద్ది. వేడి అనేది వోల్టేజ్ స్క్వేర్‌ని బట్టి ఉంటది కాబట్టి 12 బదులు 10 వోల్టులే అందితే ప్లగ్గుకి వచ్చే వేడి 70 శాతానికి పడిపోద్ది, మనం చూసేది రెండు వోల్టులే, పోయేది దాదాపు మూడో వంతు. ఆయిల్ గ్రేడ్ కూడా ఇక్కడే చూస్కోండి, బాగా చలి ఉండే చోట చిక్కటి 20డబ్ల్యూ పోసి సెల్ఫ్ ఈడుస్తోంది అంటే దానికి రిపేర్ ఏమీ లేదు, మాన్యువల్ ఒప్పుకునే పల్చటి గ్రేడ్ పోయడమే.

సెల్ఫ్ బాగా తిరుగుతోందా, ఇప్పుడు సైలెన్సర్ చూడండి. ఒకళ్ళని వెనకాల నిలబెట్టండి, ఎవరూ లేకపోతే ఫోన్ వీడియో పెట్టండి. ఇది నా దృష్టిలో అన్నిటికంటే విలువైన టెస్ట్. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ తెల్లటి పొగో బూడిద రంగు పొగో దట్టంగా వస్తూ, ముక్కుకి పచ్చి డీజిల్ వాసన కొడుతుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ అంటుకోవట్లేదు, అంటే వేడి సమస్య, హీటర్ ప్లగ్గులో, కంప్రెషనో, టైమింగో (డీజిల్ సరైన క్షణానికి పడకపోవడం). అస్సలు పొగే లేకుండా శుభ్రంగా తిరుగుతుంటే డీజిల్ వెళ్ళట్లేదు, అప్పుడు ప్లగ్గుల జోలికి వెళ్ళడం దండగ. స్టార్ట్ అయ్యాక ఒకటి రెండు సిలిండర్లు మిస్ కొడుతూ, బండి మొత్తం ఊగుతూ, తెల్ల పొగ కక్కి అర నిమిషంలో సర్దుకుంటే ఒక ప్లగ్గు పోయి ఉండొచ్చు. స్టార్ట్ అయ్యి మామూలుగా నడిచి, కొన్ని సెకన్లలో ఆగిపోయి, మళ్ళీ చాలాసేపు కొడితే కానీ లేవకపోతే లైన్‌లో గాలి ఉంది.

ఇప్పుడు హీటర్ ప్లగ్గులు, అదే గ్లో ప్లగ్గులు. డ్యాష్‌బోర్డ్ మీద పసుపు లైట్ వెలిగి ఆరిపోతోంది కాబట్టి ప్లగ్గులు పనిచేస్తున్నాయి అనుకునేవాళ్ళు బోలెడు మంది. ఆ లైట్ చాలా పాత బళ్ళలో కేవలం టైమర్, రిలే లోపల టెంపరేచర్ బట్టి ఇన్ని సెకన్లు అని లెక్కేసి ఆర్పేస్తది, నాలుగు ప్లగ్గులూ చచ్చి ఉన్నా లైట్ మాత్రం ఠంచనుగా వెలిగి ఆరుద్ది. లైట్ ఆరాక కూడా చాలా సిస్టమ్స్‌లో ప్లగ్గులకి కరెంట్ ఇంకాసేపు వస్తూనే ఉంటది, స్టార్ట్ అయ్యాక పొగ తగ్గడానికి కూడా కొన్నిట్లో రెండు మూడు నిమిషాల దాకా వెలిగించి ఉంచుతారు.

చెక్ చేయడం రెండు ముక్కలు. ఒకటి, ప్లగ్గుల దాకా కరెంట్ వస్తోందా. ప్లగ్గులన్నిటినీ కలిపే పట్టీ మీద టెస్ట్ ల్యాంప్ పెట్టి చల్లటి ఇంజన్ మీద కీ తిప్పండి, ల్యాంప్ బాగా వెలగాలి. వెలగకపోతే ఆ లావు పట్టీ ఫ్యూజు చూడండి, కంటికి బాగానే కనిపించి సన్నటి చీలిక ఉన్నవి చూశాను, తర్వాత రిలే, తర్వాత టెంపరేచర్ సెన్సర్. సెన్సర్ తప్పుగా "ఇంజన్ వేడిగానే ఉంది" అని చెప్తే రిలే ప్లగ్గుల్ని వెలిగించదు, దాని తప్పేం లేదు. చాలా బళ్ళలో ఆ సెన్సర్ కనెక్టర్ పీకేస్తే విపరీతమైన చలి అనుకుని ఎక్కువసేపు వెలిగిస్తది, ఒక పొద్దున అలా పీకి చూడటం మంచి టెస్టే. రెండు, ప్లగ్గులు స్వయంగా బతికున్నాయా. పట్టీ విప్పేసి టెస్ట్ ల్యాంప్‌ని బ్యాటరీ ప్లస్‌కి తగిలించి, మొనని ఒక్కో ప్లగ్గు తల మీద పెట్టండి, వెలిగితే లోపల తీగ తెగలేదు. ఓమ్స్‌లో కొలిస్తే ఒక ఓమ్‌కి అటూ ఇటూ ఉంటది, కానీ మామూలు మీటర్ వైర్లే 0.2, 0.3 ఓమ్ తినేస్తాయి కాబట్టి నీరసపడ్డ ప్లగ్గుని అది పట్టుకోలేదు, పూర్తిగా తెగినదాన్నే చెప్పుద్ది. అందుకే డీసీ కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్ దొరికితే వదలకండి. ఒక్కో ప్లగ్గు మొదట్లో 20, 30 ఆంపియర్లు లాగి, వేడెక్కేకొద్దీ 10 నుంచి 15 దగ్గర నిలబడుద్ది. నాలుగిటికీ కలిపి వెళ్ళే వైరు మీద క్లాంప్ వేసి 50 చూడాల్సిన చోట 37 చూపిస్తే ఒకటి పోయింది, పట్టీ కూడా విప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త, చాలా పాత ఇంజన్లు కొన్నిట్లో బయటికి తీగచుట్ట కనిపించే ప్లగ్గులు వరసగా సిరీస్‌లో కలిపి ఉంటాయి, ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి, వాటిలో ఒక్కో ప్లగ్గుకి అందేది ఒకటి రెండు వోల్టులే, దాన్ని తీస్కెళ్ళి 12 వోల్టుల బ్యాటరీకి డైరెక్ట్‌గా పెడితే కాలిపోద్ది. కొత్త తరం ప్లగ్గులు కూడా కొన్ని 5, 7 వోల్టులవి ఉంటాయి, బ్యాటరీ మీద పెట్టి ఎర్రగా అవుతుందా అని చూసే ముందు దాని మీద రాసింది చదవండి. ఇంకొన్ని డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకి అసలు ప్లగ్గులే ఉండవు, ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో గాలిని వేడి చేసే హీటరో, చిన్న మంట పెట్టే ఏర్పాటో ఉంటది, లేని ప్లగ్గుల కోసం హెడ్ అంతా వెతకొద్దు.

విప్పేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. ఏళ్ళ తరబడి కదలని ప్లగ్గు హెడ్‌లో తుప్పుతోనో మసితోనో అతుక్కుపోయి ఉంటది. ముందురోజే మూలాల్లో పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి నానబెట్టండి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే విప్పండి, పొడుగు రాడ్ వేసి బలం చూపించకండి, కాస్త ముందుకి కాస్త వెనక్కి కదుపుతూ రావాలి. హెడ్‌లో తెగిందా, ఇక మామూలు కోల్డ్ స్టార్ట్ సమస్య కాస్తా హెడ్ విప్పే పని అవుద్ది. తీసిన ప్లగ్గు మొన ఉబ్బి ఉంటేనో, కరిగిపోయి ఉంటేనో కొత్తది వేసి సంబరపడకండి, ఆ సిలిండర్ నాజిల్ డీజిల్‌ని మంచులా చల్లకుండా ధారలా పోస్తూ ఉండొచ్చు, కొత్త ప్లగ్గు కూడా అలాగే పోద్ది.

ఇంతకీ పొద్దున ఉన్న ఆ ఒక్క ఛాన్స్‌ని ఎలా వాడాలి అంటే, పొద్దునకి ఒకటే మార్పు. ఒక పొద్దున ఏమీ మార్చకుండా రికార్డింగ్ మాత్రమే. ఇంకో పొద్దున కీ తిప్పి ప్లగ్ లైట్ ఆరేదాకా ఆగి, కీ ఆపి, మళ్ళీ తిప్పి, అలా రెండు మూడు సార్లు వేడి చేసి సెల్ఫ్ కొట్టడం. దాంతో బాగా తేడా వస్తే వేడి తక్కువవుతోంది. ఇంకో పొద్దున ప్లగ్గులు మామూలుగానే, కానీ సెల్ఫ్ కొట్టే ముందు ఫిల్టర్ మీదున్న చేతి పంపు గట్టిపడేదాకా నొక్కడం. దాంతో ఠక్కున లేస్తే డీజిల్ వెనక్కి పోతోంది. ఇంకో పొద్దున పక్కన ఇంకో మంచి బ్యాటరీ కలిపి కొట్టడం. అన్నీ ఒకే పొద్దున చేసి "అబ్బా స్టార్ట్ అయ్యింది" అని సంతోషపడితే ఏ మందు పనిచేసిందో ఎప్పటికీ తెలీదు. పక్కన ఒక కాగితం మీద ఆ రోజు టెంపరేచర్, ఎన్ని సెకన్లు కొట్టాల్సి వచ్చింది, పొగ రంగు రాసి పెట్టుకోండి. సెల్ఫ్‌ని ఏకబిగిన పది పదిహేను సెకన్లకి మించి కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం ఆగాలి, లేకపోతే సెల్ఫ్ కాలి కొత్త సమస్య తోడవుద్ది.

డీజిల్ వెనక్కి పోతోంది అని తేలినవాళ్ళకి అసలు కష్టం ఇప్పుడు మొదలవుద్ది, ఎందుకంటే లీక్ కనిపించదు. ట్యాంక్ నుంచి పంపు దాకా ఉన్న లైన్ పీల్చే వైపు, లోపల ప్రెషర్ బయట గాలికంటే తక్కువ, కాబట్టి డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి దూరుద్ది. కింద ఒక్క చుక్క మరక లేకపోయినా లీక్ ఉండొచ్చు. పంపులోకి వెళ్ళే ముందు రబ్బర్ పైప్ తీసి ట్రాన్స్‌పరెంట్ పైప్ ముక్క వేయండి, మిగిలిన డీజిల్ తిరిగి ట్యాంక్‌కి వెళ్ళే రిటర్న్ వైపు కూడా ఇంకోటి. సాయంత్రం బండి ఆపగానే టార్చ్ వేసి చూడండి, నిండుగా ఉంటది. పొద్దున కీ ముట్టకముందు మళ్ళీ చూడండి. సగం ఖాళీగానో పెద్ద బుడగతోనో ఉంటే ఇక వాదన లేదు. గాలి దూరే చోట్లు సాధారణంగా ఇవే, ఫిల్టర్ మూత కింద రబ్బర్ రింగు (ఫిల్టర్ మార్చినప్పుడు పాతదే మళ్ళీ వేసి ఉంటారు), నీళ్ళు వదిలే స్క్రూ, చేతి పంపు రబ్బర్, పాతబడి పగిలిన పైపులు, బిగుతు తగ్గిన క్లిప్పులు. నాజిల్స్ మధ్య ఉండే సన్నటి రిటర్న్ పైపుల్ని మాత్రం చాలామంది లెక్కే చేయరు, అవి మీద గుడ్డ నేత ఉండి లోపల రబ్బర్ చితికిపోయి ఉంటాయి, ముట్టుకుంటే తడి తగులుద్ది, అక్కడి నుంచి కూడా రాత్రంతా గాలి ఎక్కి లైన్ ఖాళీ అవుద్ది. అన్ని పైపులూ ఒకేసారి మార్చేయండి, బతిమాలాల్సిన పార్టు కాదది.

ఇంకా తేలకపోతే ఒక డబ్బా టెస్ట్ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఒక శుభ్రమైన డీజిల్ డబ్బాని పంపు కంటే ఎత్తులో గట్టిగా కట్టి, పంపు ఇన్‌లెట్‌ని, రిటర్న్‌ని దానికే కలిపి, ఎయిర్ తీసి, బండి ఒకసారి స్టార్ట్ చేసి ఆపి రాత్రంతా వదిలేయండి. డబ్బా పైనుంది కాబట్టి డీజిల్ వెనక్కి పోయే ప్రశ్నే లేదు. పొద్దున మొదటి కొట్టుకే లేస్తే పంపు, నాజిల్స్, ప్లగ్గులు అన్నీ నిర్దోషులు, తప్పంతా డబ్బా కోసం మనం తప్పించేసిన ఆ ట్యాంక్-ఫిల్టర్ లైన్‌లోనే. అయినా లేవకపోతే ఫిల్టర్ దగ్గర టైం వేస్ట్ చేయకండి. డబ్బా వేడి తగిలే చోట, బెల్టులు తిరిగే చోట మాత్రం పెట్టొద్దు, దాంతో రోడ్డు మీదకి అసలే వెళ్ళొద్దు. లైన్ మధ్యలో వాపసు పోకుండా ఆపే వాల్వ్ ఒకటి వేసేసి చేతులు దులిపేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు, పనిచేస్తది కానీ గాలి దూరే రంధ్రం అలాగే ఉంటది, అది పెద్దదై ఏదో ఒక రోజు నడుస్తుండగా ఆపేస్తది.

మైనం గడ్డకట్టే సమస్య దీనికంటే వేరు. బాగా చల్లబడితే డీజిల్‌లో ఉండే మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ని మూసేస్తది, అప్పుడు లక్షణం ఏంటంటే బండి ముందు స్టార్ట్ అవుద్ది, లైన్‌లో ఉన్నది అయిపోయాక ఊపిరాడక ఆగిపోద్ది. వెచ్చటి కాలంలో పోసిన డీజిల్‌తో ట్యాంక్ నింపి పెట్టుకుని చలి ప్రాంతానికి వెళ్తే జరిగేది ఇదే. పల్చబడటానికి పాత రోజుల్లో కిరోసిన్ కలిపేవాళ్ళు, కామన్ రైల్ (అన్ని నాజిల్స్‌కీ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ ఇచ్చే కొత్త పద్ధతి) పంపులకి అది విషం, డీజిలే పంపుకి ఆయిల్ లాంటిది.

ప్లగ్గులు బానే ఉన్నాయి, డీజిల్ వస్తోంది, సెల్ఫ్ బాగా తిరుగుతోంది, అయినా తెల్ల పొగే వస్తోందంటే ఇక కంప్రెషన్, టైమింగ్. డీజిల్‌కి పెట్రోల్ ఇంజన్ గేజ్ పనికిరాదు, ఇక్కడ 20 నుంచి 30 బార్ దాకా వస్తది. అన్ని సిలిండర్లూ కలిసి కొంచెం తక్కువుంటే వయసు అనుకోవచ్చు, ఒకటి మాత్రం మిగతావాటికంటే నాలుగైదు బార్ పడిపోయి ఉంటే ముందు ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కి, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండే ఖాళీ) చూడండి, వాల్వ్ సీట్ అరిగి గ్యాప్ బిగుసుకుపోతే చల్లగా ఉన్నప్పుడే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ఒక స్పానర్ పనితో పోయేదానికి ఇంజన్ దింపక్కర్లేదు. పెట్రోల్ ఇంజన్‌లో చేసినట్టు ఆయిల్ చుక్కలేసి మళ్ళీ కొలిచే పద్ధతి డీజిల్‌లో నమ్మకం కాదు, ఆ గది అంత చిన్నదాంట్లో ఆయిలే చోటు ఆక్రమించి రీడింగ్ పెంచేస్తది. టైమింగ్ సంగతికొస్తే చైన్ సాగినకొద్దీ డీజిల్ కాస్త ఆలస్యంగా పడుద్ది. బాష్ వీఈ లాంటి పాత మోడల్ డీజిల్ పంపుల్లో చలికి టైమింగ్‌ని ముందుకి జరిపే చిన్న ఏర్పాటు ఉంటది, కొన్నిట్లో చేత్తో లాగే వైరు, కొన్నిట్లో వేడికి వ్యాకోచించే మైనం ముక్క, అది పట్టేసినా పొద్దున పూట గొణుగుడే. ఏ బండికి ఉందో తెలీకుండానే ఏళ్ళు గడిపేసేవాళ్ళున్నారు, మీ పంపు పక్కన ఓసారి చూడండి.

స్టార్టింగ్ స్ప్రే గురించి అడిగేవాళ్ళకి నా జవాబు వద్దనే. అందులో ఉండేది ఈథర్, ప్లగ్గులు ఎర్రగా ఉన్నప్పుడు అది తగిలితే పిస్టన్ ఇంకా పైకి రాకముందే పేలుద్ది, రింగులు, పిస్టన్లు విరిగిన కేసులు ఉన్నాయి. వేడి సమస్యా కాదా అని తేల్చుకోవాలంటే హాట్ ఎయిర్ గన్ తీస్కుని ఎయిర్ ఇన్‌లెట్ పైప్‌లోకి కాసేపు వేడి గాలి పంపించి కొట్టండి, చుట్టుపక్కల డీజిల్ తడి లేకుండా చూస్కోండి. లేచిందా, వేడి తక్కువ. అంతే సమాచారం ఈథర్ కూడా ఇస్తది కానీ ఇంజన్‌ని పణంగా పెట్టి.

ఇప్పుడు కామన్ రైల్ వ్యాన్లు కూడా పాతబడిపోయాయి కాబట్టి వాటి సంగతీ రెండు ముక్కలు. వీటిలో రైల్ ప్రెషర్ సుమారు 200 బార్ దాటకపోతే కంప్యూటర్ నాజిల్స్‌ని తెరవనే తెరవదు, కాబట్టి స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆ ఒక్క అంకె చూడండి. ఎక్కట్లేదంటే నాలుగు నాజిల్స్ రిటర్న్‌కి నాలుగు చిన్న సీసాలు పెట్టి ఏది ఎక్కువ వదిలేస్తోందో పోల్చుకోవచ్చు. స్కానర్ చేతిలో ఉంటే ఇంకో పని కూడా చేయండి. రాత్రంతా నిలబడ్డ బండిలో కూలెంట్, లోపలికొచ్చే గాలి, డీజిల్, ఈ సెన్సర్లన్నీ దాదాపు ఒకే టెంపరేచర్ చూపించాలి, ఎందుకంటే అన్నీ ఒకే చలిలో రాత్రంతా ఉన్నాయి. రెండు 8 డిగ్రీలు అంటూ ఒకటి 40 అంటోందంటే అబద్ధం చెప్తున్నది ఎవరో తెలిసిపోయింది. నడిచాక ఈ పోలిక కుదరదు, పొద్దునే కుదురుద్ది.

పెట్రోల్ వ్యాన్ ఉన్నవాళ్ళకి హీటర్ ప్లగ్గుల గోల లేదు, కార్బ్యురేటర్ అయితే చోక్ ఫ్లాప్ నిజంగా మూసుకుంటోందా అని కళ్ళతో చూడటం, ఇంజెక్షన్ అయితే ఆ కూలెంట్ సెన్సరే మొదటి అనుమానితుడు, వేడిగా ఉంది అనుకుని పెట్రోల్ తక్కువ పోస్తది. ఆ సెన్సర్‌ని మీటర్‌తో కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు వేల ఓమ్స్, వేడెక్కాక వందల్లోకి రావాలి.

రిపేర్ అయ్యాక బాగైందో లేదో తేల్చుకోవడంలో కూడా వాతావరణం మోసం చేస్తది. ప్లగ్గులు మార్చిన మర్నాడే ఎండ కాసి బండి హాయిగా లేస్తే ప్లగ్గులే అనుకుంటాం. కాగితం మీద రాసిన టెంపరేచర్లు ఇక్కడ పనికొస్తాయి, మొండికేసిన రోజు ఎంత చలి ఉందో అంతే చలి ఉన్న పొద్దున దాకా ఆగి, అప్పుడు ఎన్ని సెకన్లకి లేచిందో పాత అంకె పక్కన రాయండి. అంకె సగానికి తగ్గితే రిపేర్ పనిచేసింది, ఒకటి రెండు సెకన్ల తేడానే ఉంటే ఇంకో దొంగ లోపలే ఉన్నాడు, ట్రాన్స్‌పరెంట్ పైప్ ఇంకా తీసేయకండి.